మేడమ్ ఎడమ కాలు

మేడమ్ పోయారని ఫోనొచ్చినప్పుడు నేను ఎవరిదో కాలు చదువుతున్నాను. తాడేపల్లిగూడెంలో మా వంటింటి పక్క గదిలో కూర్చుని, అమెరికాలో ఎక్కడో ఉన్న ఒక పెద్దాయన కాలికి చేసిన పరీక్ష తాలూకు రిపోర్టు. ఇదే నా ఉద్యోగం. అక్కడి ఆసుపత్రివాళ్ళు ఫలానా రోగికి ఫలానా పరీక్ష చేశామని రాసి పెడతారు. మేం ఇక్కడ కూర్చుని అది చదివి, రోగానికో అంకె, చేసిన పనికో అంకె వేస్తాం. ఆ అంకెలు చూసుకుని అక్కడి ఇన్సూరెన్సువాళ్ళు ఆసుపత్రికి బిల్లు చెల్లిస్తారు. దీన్ని మెడికల్ కోడింగ్ అంటారు. మా వీధిలోవాళ్ళు మాత్రం "ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో ఏదో కొడుతూ ఉంటుంది" అంటారు. అదీ తప్పు కాదు.

ఫోన్ చేసింది నాతోపాటు కోర్సు చేసిన ఆకివీడు అమ్మాయి. "పొద్దున్నేనంట. మధ్యాహ్నం తీసుకెళ్తారంట. వస్తావా?" అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాను గాని, ఆ పెద్దాయనది కుడికాలో ఎడమకాలో ఎంత చదివినా బుర్రకెక్కలేదు. కట్టేసి లేచాను.

ఆవిడకి బాగాలేదని నాకు ముందే తెలుసు. ఆసుపత్రికి వెళ్ళి చూసి కూడా వచ్చాను. అయినా నెత్తిమీద ఎవరో మొత్తినట్టే ఉంది. ఇది రాస్తున్న ఇవాళ్టికీ అలాగే ఉంది. యాభై దాటిన మనిషి జబ్బుచేసి పోవడం లోకంలో లేనిదేం కాదు. కానీ ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ కాళ్ళ పరీక్షలు చదివి, మాకు చదవడం నేర్పి, "అనుమానాన్ని రోగం చెయ్యకండి" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి, తన ఎడమకాలు వాస్తే దాన్ని ఏ పరీక్షకీ పంపకుండా బోదకాలే అనేసుకుంది. అది బోదకాలు కాదు. ఆ సంగతి బయటపడేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

నాకు మొదట్లో ఆవిడంటే పెద్ద ఇష్టమేం లేదు. బీఎస్సీ చేసి, ఉద్యోగం లేక, గూడెంలో ప్యాసింజరెక్కి ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగి కోచింగుకి వెళ్ళేదాన్ని. మా కోచింగు సెంటరు ఒక పాత మేడకి కింది వాటా. మేం ఎంత తొందరగా వెళ్ళినా ఆవిడ అప్పటికే బల్ల వెనక కూర్చుని ఉండేవారు. బల్లకి ముందువైపు నేలదాకా ఒక దుప్పటి వేలాడేది. క్లాసు అయిపోయాక మేమంతా వెళ్ళేదాకా లేచేవారు కాదు. బోర్డు మీద ఏదన్నా రాయాలంటే మమ్మల్నే పిలిచి రాయించేవారు. ఎంత గీర ఈవిడకి, లేచి నిలబడితే అరిగిపోతుందా అనుకునేదాన్ని. ఎప్పుడన్నా బయట కనిపిస్తే కుచ్చిళ్ళు నేలమీద జీరాడుతూ మెల్లగా నడిచేవారు. కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు.

గొంతు చాలా చిన్నది. కొల్లేటి పక్క పల్లెటూరు ఆవిడది. చిన్నా పెద్దా లేకుండా అందర్నీ "ఏవండీ" అనేవారు. మీసం సరిగా రాని కుర్రాళ్ళు కూడా ఆవిడకి "అండీ"లే. తిట్టాల్సి వచ్చినా "మీరింత బుద్ధితక్కువగా ఎలా రాశారండీ?" అనేవారు. అలా అండీ తగిలించి తిడితే మామూలు తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకునేది.

గుండె, ఎముకలు, కిడ్నీలు వేరే మాస్టారు ఒకాయన చెప్పేవారు. లింఫ్ ఆవిడది. ఆ పరీక్షల్లో కాలివేళ్ళ సందుల్లో సూదితో కొంచెం మందు ఎక్కించి, అది పైకి ఎలా పాకుతుందో, ఎక్కడ ఆగిపోతుందో బొమ్మ తీసి చూస్తారు. మందు ఎక్కించినందుకు ఒక కోడు, బొమ్మ తీసి చదివినందుకు ఇంకో కోడు. ఎక్స్‌రే తీసే రకంలో ఒక కాలికైతే ఒకటి, రెండు కాళ్ళకీ అయితే వేరొకటి. మేం రెండు కాళ్ళు కనపడగానే ఒంటికాలి కోడునే రెండుసార్లు వేసి పారేసేవాళ్ళం. అందుకని ఏ రోగి చార్టు తెరిచినా ఆవిడ నోట్లోంచి మొదట వచ్చే మాట "ఏ కాలండీ?" బల్ల మీద స్టీలు డబ్బాలో వేయించిన వేరుశనక్కాయలు ఉండేవి. సరిగ్గా చెప్పినవాళ్ళకి ఒక కాయ. రెండు కాళ్ళ కోడు సరిగ్గా వేస్తే డబ్బాలో చెయ్యి పెట్టి వెతికి మరీ రెండు గింజల కాయ ఇచ్చేవారు. డిగ్రీలు చదివినవాళ్ళం, ఆ కాయ కోసం ఎల్కేజీ పిల్లల్లా చేతులెత్తేవాళ్ళం.

లింఫ్ అంటే అప్పటిదాకా మాకు పుస్తకంలో ఒక పేజీ. ఆవిడ దాన్ని మా డెల్టా చేసేశారు. ఉండి అనే ఊరినుంచి వచ్చే అబ్బాయిని లేపి, "మీ చేలోకి నీళ్ళెలా వస్తాయండీ?" అనడిగారు.

"కాలవలోంచండీ."

"చేను తాగగా మిగిలిన నీళ్ళో?"

"డ్రెయిన్లోకండీ."

"అంతేనండీ. రక్తం కాలవ, లింఫ్ డ్రెయిను. ఒంట్లో ప్రతి కండకీ కాలవా ఉంటుంది, డ్రెయినూ ఉంటుంది. కాలవకి నీళ్ళొదిలారంటే ఊరంతా వెళ్ళి చూస్తారు. డ్రెయిన్ని ఎవరూ పట్టించుకోరు. పూడితే గాని అదొకటి ఉందని గుర్తురాదు." మళ్ళీ అన్నారు. "ఇంకో సంగతి. చేలో నీళ్ళు నిలబడ్డాయని పూడిక చేలోనే ఉందనుకోకండి. ఎక్కడో సముద్రం దగ్గర ఉప్పుటేరుకి అడ్డం పడితే కొల్లేరు ఎదురుతన్ని పై ఊళ్ళు మునగట్లేదూ? కాలు వాచిందంటే అడ్డు కాల్లోనే ఉండక్కర్లేదు. ఎక్కడుందో చూడ్డానికేనండీ ఈ పరీక్షలన్నీ."

ఈ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. గుర్తులేకపోతే బావుండేది.

చార్టుల్లో పేర్లుండవు, చెరిపేసి ఇస్తారు. వయసు, ఆడో మగో, అంతవరకే. అయినా ఆవిడకి వాళ్ళంతా ఇరుగూ పొరుగే. "ఈవిడకి రొమ్ము ఆపరేషనయ్యాక చెయ్యి వాచిందండీ. చంకలో లింఫ్ గడ్డలు తీసేశారు కదా, ఇంక నీళ్ళెటు పోతాయి, పాపం" అనేవారు. "ఈయన లారీ తోలుకునే మనిషై ఉంటాడండీ, కూర్చుని కూర్చుని కాళ్ళల్లోకి నీరు దిగిపోయుంటుంది" అనేవారు. వేళ్ళ సందుల్లో సూదులు గుచ్చే మాట వచ్చినప్పుడల్లా తన చేతివేళ్ళ సందులు నొక్కుకునేవారు. ఒకసారి నేను, తప్పు పట్టే అవకాశం దొరికింది కదా అని, "లారీ అని చార్టులో లేదు కదండీ" అన్నాను.

"లేదండీ. అందుకే దానికి కోడు వెయ్యట్లేదు. జాలి పడుతున్నానంతే."

ఆ రోజు నుంచి ఆవిడంటే ఇష్టం మొదలైంది నాకు.

ఒకసారి మా క్లాసు మొత్తం కట్టకట్టుకుని ఒకే తప్పు చేశాం. ఇంటి దగ్గర చేసుకు రమ్మని ఒక చార్టు ఇచ్చారు. ఒకావిడకి కాలు వాస్తోంది, లింఫ్ పరీక్షకి పంపారు, మందు తొడ పైభాగాన ఆగిపోయింది. కారణమేంటో డాక్టరు ఇంకా తేల్చలేదు. మర్నాడు అందరం తెచ్చి ఇస్తే, ఒక్కరు తప్పకుండా బోదకాలు కోడు వేసి ఉంది. ఒకళ్ళని చూసి ఒకళ్ళం వెయ్యలేదు. గూడెంలో నేను, ఉండిలో వాడు, ఆకివీడులో ఆ అమ్మాయి, నల్లజర్లలో ఇంకొకడు, ఎవరింట్లో వాళ్ళం కూర్చుని వేశాం. కాలు వాస్తే బోదకాలు కాక ఇంకేమవుతుంది? మా నాయనమ్మకి ఉంది. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకి ఉంది. ఈ జిల్లాలో పుట్టి కాలువాపుకి ఇంకో పేరు విన్నవాళ్ళెవరు?

ఆ వేళ ఆవిడ వేరుశనక్కాయల డబ్బాకి మూత పెట్టేశారు. గొంతు పెంచలేదు గాని మొహం ఎర్రబడింది.

"ఆవిణ్ణి ఏ దోమ కుట్టిందండీ? మంచు కురిసే ఊళ్ళో ఉంది ఆవిడ. డాక్టరు బోదకాలని ఎక్కడన్నా రాశాడా?"

"లేదండీ" అన్నాం.

"మరి మీకెవరు చెప్పారు? మీ కళ్ళు చెప్పాయి. మీవి కొల్లేటి కళ్ళండీ. కాలు వాచింది అన్నచోటే చదవడం ఆపేశారు."

ఉండి అబ్బాయి మెల్లగా లేచి, "అయితే ఏం వెయ్యాలి మేడమ్?" అన్నాడు.

"వాపు అని వెయ్యండి. మనకి తెలిసింది అంతే. డాక్టరు ‘అయ్యుండొచ్చు’ అని రాసినా దాన్ని రోగం కింద వెయ్యడానికి మనకి లేదు. తెలియంది తెలియనట్టే ఉంచడం చాతకావాలండీ."

ఈ మాట అన్న మనిషి, ఆ క్షణంలో దుప్పటి చాటున, బల్ల కింద, వాచిన ఎడమకాలు ఒక పీట మీద పెట్టుకుని కూర్చుని ఉంది. దాని పేరు ఆవిడ అప్పటికే తేల్చేసుకుంది. ఆవిడ అబద్ధమాడలేదు, నటించలేదు. మాకు చెప్పిన నియమం తన కాలిక్కూడా వర్తిస్తుందని ఆవిడకి తట్టనేలేదు.

ఆ కాలు నేను చూశాను. ఆ ఏడు వానలకి తమ్మిలేరు పొంగి, పవర్‌పేట వీధులన్నీ మోకాల్లోతు నీళ్ళు. రైళ్ళు ఆగిపోయాయి. నేను వెనక్కి వెళ్ళే దారి లేక నిలబడితే, "మా ఇల్లు ఇక్కడేనండీ, రండి. వేడివేడిగా ఏదన్నా తిని, బళ్ళు కదిలాక వెళ్దురు గాని" అన్నారు. వీధిలో ఆడా మగా అందరం బట్టలెత్తుకుని నడుస్తున్నాం. ఆవిడొక్కరే కుచ్చిళ్ళు ఆ మురికినీళ్ళలో వదిలేసి నడిచారు. "కొంచెం ఎత్తుకోండి మేడమ్, ఎక్కడన్నా తట్టుకుంటారు" అన్నాను. వినపడనట్టు నడిచారు.

ఇంట్లో ఆవిడ, వాళ్ళమ్మగారు, ఇద్దరే. అమ్మగారు వరండాలో కుర్చీలో ఉన్నారు, కాలు ముక్కాలిపీట మీద. ఆ కాలు చూడగానే పోల్చుకోవచ్చు, బోదకాలు. పాదం దిబ్బరొట్టెలా ఉంది, చర్మం బెరడు కట్టింది. తడిసి ముద్దైన కూతుర్ని చూసి పెద్దావిడ, "చీరెత్తుకుంటే ఏం పోయిందే, నీ కాలు చూడ్డానికే వచ్చారా అందరూ?" అని నన్ను చూసి నాలిక్కరుచుకున్నారు.

మేడమ్ ఒక్క క్షణం నిలబడ్డారు. "సరే కానివ్వండి. తెలిసిపోయింది కదా" అని కూర్చుని చీర మోకాలు దాటి తొడదాకా లాక్కున్నారు. ఎడమకాలు వాచి ఉంది. ఇన్నాళ్ళూ ఆవిడది గీర అనుకున్నదాన్ని.

పెద్దావిడ కుంటుకుంటూ బేసిన్లో నీళ్ళు, సబ్బు తెచ్చారు. కూతురి కాలు సబ్బుతో మెల్లగా రుద్ది కడిగి, మెత్తటి పాతగుడ్డతో వేలివేలి సందునా తడి అద్దారు. తర్వాత కూతురు నీళ్ళు మార్చి తల్లి కాలు అలాగే కడిగింది. బోదకాళ్ళవాళ్ళకి ఆరోగ్య కేంద్రంలో నేర్పే పద్ధతి అది. వాళ్ళింట్లో అది రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళ జరిగే పని. పెద్దావిడ చర్చిపాట ఏదో కూనిరాగం తీస్తూ చేస్తున్నారు. మధ్యలో నాతో అన్నారు.

"ఇది నాదేనమ్మా. నా కాలే దానికొచ్చింది. మొదట వాచినప్పుడే పోల్చాను."

"దోమవల్ల వస్తుందని చెప్పానా లేదా అమ్మా? నీవల్లేంటి?" అన్నారు మేడమ్.

"ఆ దోమ ముందు నన్ను కుట్టింది, తర్వాత నిన్ను కుట్టింది. ఒక దోమతెరలోనే కదే పడుకున్నాం."

నిజానికి ఆ జబ్బు పాకేది అలాగే. చదువుకున్నావిడ చదువుకోని తల్లి దగ్గర వాదన ఓడిపోయి, నా వేపు చూసి నవ్వారు.

"చూపించుకున్నారా మేడమ్?" అనడిగాను.

"దీనికి చూపించేదేముందండీ? ఆశా వర్కరు ఏటా వచ్చి మాత్రలు ఇస్తుంది, ఊరంతా మింగుతున్నాం. వచ్చాక పోయేదా? కడుక్కోవడం, ఎత్తున పెట్టుకోవడం. అంతే."

తల్లి కాలికీ కూతురి కాలికీ పోలిక లేదు. తల్లిది పాదంలో మొదలై పైకెక్కిన వాపు. కూతురిది తొడ దగ్గర ఎక్కువ, పాదం దగ్గర తక్కువ. చర్మం నున్నగా, బిగుతుగా ఉంది. పక్కపక్కన పెట్టుకుని కడుగుతున్న ఆ రెండు కాళ్ళూ వేరువేరని ఆ ఇంట్లో మా ముగ్గురిలో ఒక్కరికీ కనపడలేదు. నావీ కొల్లేటి కళ్ళే. ఆ పూట ఆవిడ పెట్టిన చేపల పులుసు తిని, ఎంత బావుందోనని రెండోసారి వేయించుకుని, బళ్ళు కదిలాక ఇంటికొచ్చేశాను.

కోర్సయ్యింది, ఉద్యోగం వచ్చింది. మొదట్లో కొన్ని నెలలు హైదరాబాదు వెళ్ళి, తర్వాత ఇంటి దగ్గర్నుంచే పని చెయ్యొచ్చంటే గూడెం వచ్చేశాను. కోచింగు సెంటరు మూసేశాక మేడమ్ కూడా ఇంటినుంచే వేరేవాళ్ళు వేసిన కోడ్లలో తప్పులు పట్టే పని చేసేవారు. తిక్క చార్టు ఏదన్నా వస్తే ఫోన్ చేసేదాన్ని. హలో కూడా అనకుండా "ఏ కాలండీ?" అనేవారు. ఈమధ్య ఒకసారి మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఆగుతున్నారు. ఏంటని అడిగితే, "నడుం నొప్పండీ. ఈ కుర్చీ మార్చాలి" అన్నారు. కుర్చీ మార్చారు. మార్చినా తగ్గలేదని, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం మీద సగమే ఉన్నారు. ఎడమకాలు మాత్రం దుప్పటి కింద అంతే ఉంది. మిగతా మనిషంతా చిక్కిపోయి ఆ కాలే పెద్దదైపోయినట్టుంది. "రండి రండి, కూర్చోండి. ఎండనపడి వచ్చారు" అన్నారు. తలగడ పక్కనున్న స్కానింగ్ రిపోర్టు తీసి నా చేతికిచ్చారు. "చదవండి" అన్నారు.

కళ్ళతో చదవడం మొదలెట్టాను.

"పైకి చదవాలండీ. క్లాసులో లాగా."

చదివాను. గర్భసంచి ముఖద్వారంలో కేన్సరు. అక్కణ్ణుంచి కటిలో ఎడమవైపు లింఫ్ గడ్డలకి పాకింది. ఆ గడ్డలు అక్కడి దారులన్నీ మూసేశాయి. కాలు అందుకు వాచింది. సగంలో ఆపేశాను. ఆవిడ ఓపిగ్గా ఆగారు. మిగతా సగం కూడా చదివించారు.

"ఎక్కడన్నా ‘అయ్యుండొచ్చు’ అని ఉందా?"

"లేదండీ."

"‘అనుమానం’ అని?"

"లేదు మేడమ్."

"అయితే కోడు వేసెయ్యొచ్చు" అని నవ్వారు. పళ్ళు కనపడేలా, నిజంగానే నవ్వారు. ఆ రిపోర్టు మడిచి తలగడ పక్కన పెట్టేశాను. అప్పుడు ఆవిడ మీద కోపం వచ్చింది నాకు. మంచాన పడ్డ మనిషి మీద అంత కోపం రావచ్చా అంటే, వచ్చింది.

"ఎందుకండీ ఇలా చేశారు? ఒక్క స్కాను తీయించుకోకూడదా? మాకన్ని చెప్పారు కదా."

"అమ్మ చూసి నాదే అనేసిందండీ. అమ్మ పోల్చాక ఇంక పరీక్ష ఎందుకు అనిపించింది. నిజం చెప్పనా? బోదకాలంటే నాకు భయం లేదు. చిన్నప్పట్నుంచీ మా మంచం పక్కనే ఉంది. కాలు వాచినప్పుడు భయమేసింది, అమ్మ బోదకాలనగానే భయం పోయింది. తెలిసిన జబ్బు దొరికింది కదా అని ఊరుకున్నాను."

నేను వచ్చేస్తుంటే, "పులుసు పెట్టలేకపోయానండీ ఈసారి" అన్నారు.

ఇంక ఫోనొచ్చిన ఆ రోజు సంగతి. మేం వెళ్ళేసరికి వాళ్ళింటి ముందు షామియానా వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ళు, "బోదకాలు విషమించి పోయిందంటండీ" "ఆయ్, తల్లిదేగా వచ్చింది" అనుకుంటున్నారు. నేను వెనక్కి తిరిగి, "బోదకాలు కాదండీ. బోదకాలుతో అలా పోరు ఎవరూ" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. పాస్టరుగారు ఒకసారి కళ్ళు తెరిచి చూశారు. ఆ ఆడవాళ్ళు సరేలెమ్మన్నట్టు తలూపారు, నమ్మలేదు. సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే మాతో చదివిన ఉండి అబ్బాయి, ఇప్పుడు పెద్ద కంపెనీలో టీమ్ లీడరు, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయ్యింది పాపం" అన్నాడు. వాడు కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు. సామెత అతికినట్టే ఉంది కూడా. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. వాడితో మాట్లాడకుండా వచ్చేశాను.

ఇంటి దగ్గర జనం పల్చబడ్డారు. పెద్దావిడ లోపలి గదిలో మంచం మీద ఒక్కరే ఉన్నారు. చెప్పి వెళ్దామని వెళ్ళాను. ఏడుస్తారనుకున్నాను. ఏడవట్లేదు. కాలు నేలకి వేలాడేసుకుని కూర్చున్నారు. "తలుపు దగ్గరికి వేసి ఇలా రామ్మా" అన్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీకొక మాట చెప్పాలి. పాస్టరుగారితో చెబ్దామనుకున్నాను, నోరు రాలేదు. నువ్వు ఆ పనే చేస్తావు కాబట్టి నీకు తెలుస్తుంది."

"చెప్పండమ్మా" అన్నాను.

"ఆ స్కాను చూసి డాక్టరు చెప్పాడు కదా, అప్పుడు నేనక్కడే ఉన్నాను. ఇది బోదకాలు కాదమ్మా, కేన్సరు, ముదిరిపోయింది అన్నాడు. నేను ఇన్నాళ్ళూ నా పిల్లకి నా కాలు అంటించానని కుమిలిపోయినదాన్ని. ప్రార్థన చేసినప్పుడల్లా అదే అడిగాను, నాకిచ్చింది చాలక దానికెందుకిచ్చావని. ఆయన బోదకాలు కాదు అనేసరికి..." ఆగి, నా చెయ్యి పట్టుకున్నారు. "హమ్మయ్య అనుకున్నానమ్మా."

తలుపు సరిగ్గా వేశానో లేదోనని చూశాను.

"కేన్సరన్న మాట చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు. నాది కాదన్న మాటొకటే దిగింది. పిల్ల చచ్చిపోతుందని డాక్టరు చెప్తుంటే నేను సంతోషపడ్డాను. ఒక్క నిమిషమే. కానీ పడ్డాను. అది నా మొహమే చూస్తోంది అప్పుడు."

"మేడమ్ ఏమన్నారు?" అన్నాను.

"ఏమంటుంది? నా భుజం మీద చెయ్యేసి, ‘చూశావా అమ్మా, నీది కాదంట’ అంది. అదేదో నాకు చీర కొనుక్కొచ్చి ఇస్తున్నట్టు అంది."

బయట ఆకివీడు అమ్మాయి నన్ను పిలుస్తోంది, బస్సుకి టైమైపోతోందని. లేద్దామనుకున్నాను. పెద్దావిడ నా చెయ్యి వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.